బండి అమ్మేశాను, నోటీసు మాత్రం నాకే వచ్చింది. ఏం చేయాలి?

ప్రశ్న: మాది కావలి. 2021లో నా బైకును (ఏపీ 26 నంబరు) సింగరాయకొండ అతనికి బ్రోకర్ ద్వారా అమ్మాను. ఫారాల మీద సంతకాలు పెట్టి, సి-బుక్కు కూడా ఇచ్చేశాను. ఇప్పటికీ చలానాలు నా ఫోనుకే వస్తున్నాయి. పోయిన వారం ఒంగోలు నుంచి యాక్సిడెంట్ కేసు నోటీసు కూడా వచ్చింది. బండి నాది కాదు కదా? అతనిది ప్రకాశం జిల్లా కాబట్టి ఈపాటికి నంబరు ఏపీ 27కి మారి ఉండాలి కదా?

జవాబు: చిన్న డౌటు ముందు తీర్చేస్తా. నంబరు మారదు. అది బండికి ఇచ్చిన నంబరు, మనిషికి కాదు. ఏపీ 26 అంటే ఆ బండి మొదట నెల్లూరు జిల్లాలో రిజిస్టరైందని, అంతే. మన రాష్ట్రంలో ఎన్ని చేతులు మారినా అదే నంబరు ఉంటుంది. చెన్నై తీసుకెళ్లి 12 నెలలు దాటి అక్కడే తిప్పితే మాత్రం అక్కడి నంబరు తీసుకోవాలి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టాక కొత్త బండి ఏ జిల్లాదో కూడా ప్లేటు చూసి చెప్పలేం. మరి ఓనరు ఎవరో చెప్పేది ఏది? రవాణా శాఖ రికార్డు. అందులో ఇంకా మీ పేరే ఉంది.

మీరు సంతకాలు పెట్టిన ఫారం 29 (అమ్మినట్టు తెలిపేది), ఫారం 30 (పేరు మార్చమని అడిగేది) రవాణా ఆఫీసుకి చేరనే లేదని నా అనుమానం. బ్రోకర్లలో కొందరు కొనేవాడి పేరు, తేదీ ఖాళీగా ఉంచి 'ఓపెన్' సంతకాలు తీసుకుంటారు. రేపు బండి ఇంకొకరికి అమ్మినా మధ్యలో ట్రాన్స్‌ఫర్ ఖర్చు ఉండదు, వాళ్ల లెక్క అది. నిజానికి అమ్మినట్టు 14 రోజుల్లో తెలియజేయాల్సింది మీరే, కొన్నవాడు తన పేరుకి మార్చుకోవడానికి 30 రోజులు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ఇదే చెబుతుంది. ఫారం 29 ఇవ్వడానికి అతని కోసం మీరు ఆగాల్సిన పని లేదు, ఈ సంగతి చాలామందికి తెలీదు.

ఇక అసలు విషయం. మీ ఇద్దరి మధ్య చూస్తే డబ్బు తీసుకుని బండి అప్పగించిన రోజే అమ్మకం అయిపోయింది, కాబట్టి అతని మీద మీకు హక్కు ఉంటుంది. కానీ దెబ్బ తగిలిన మనిషికి మీ ఒప్పందంతో సంబంధం లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎవరి పేరున రిజిస్టరై ఉందో వాళ్లే ఓనరు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆ కేసులో ప్రమాదం చేసిన కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారినా పరిహారం రికార్డులో ఉన్న మొదటి ఓనరు మీదే పడింది. అన్యాయంగా అనిపించొచ్చు గానీ, లేకపోతే బాధితుడు ఒక్కో కొనుగోలుదారుణ్ణి వెతుక్కుంటూ తిరగాలి.

టెన్షన్ పడకండి, ముందు ప్రమాదం రోజున ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి. థర్డ్ పార్టీ పాలసీ (బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) అమలులో ఉంటే, అది మీ పేరున ఉన్నా సరే సెక్షన్ 157 కింద కొన్నవాడికి బదిలీ అయినట్టే లెక్క, పరిహారం కంపెనీ కడుతుంది. నడిపినవాడికి లైసెన్సు లేకపోతే మాత్రం కంపెనీ ముందు కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని తీర్పు రావచ్చు. పాలసీయే లేదంటే భారం నేరుగా మీ మీదికొస్తుంది.

నోటీసు పక్కన పడేయొద్దు, వాయిదాకి వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ అవుతారు, అంటే మీరు లేకుండానే తీర్పు ఇచ్చేయొచ్చు. లాయర్ని పెట్టుకుని కౌంటర్ (కోర్టుకు రాతపూర్వక జవాబు) వేయండి, కొన్నతన్నీ పార్టీగా చేర్చమని అడగండి. డెలివరీ చీటీ, అతని ఆధార్ నకలు, డబ్బు వచ్చినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్, అప్పటి వాట్సాప్ మెసేజులు, ఏది దొరికితే అది జాగ్రత్త చేయండి. మీరు కట్టాల్సి వచ్చినా తర్వాత అతని దగ్గర రాబట్టుకోవడానికి అవే ఆధారం. రవాణా ఆఫీసులో ఇప్పుడైనా రాతపూర్వకంగా తెలియజేసి అందినట్టు రసీదు తీసుకోండి, జరిగిపోయిన ప్రమాదానికి పనికి రాకపోయినా రాబోయే వాటికి పనికొస్తుంది.

చలానాల ఫొటోలు కూడా ఒకసారి తెరిచి చూడండి. మోడలో రంగో వేరైతే మీ నంబరు ఇంకో బండికి తగిలించారని అర్థం. అలాంటప్పుడు పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, అసలు బండి ఏదో చాసిస్ నంబరుతో తేలుతుంది.

నోటీసులో పాలసీ నంబరు రాసి ఉంటుందేమో చూసి, ప్రమాదం తేదీతో పాటు అది నాకు పంపండి, కౌంటర్‌లో ఏం రాయాలో అప్పుడు చెప్తాను.