విదేశంలో ఉన్న ప్రతివాదికి సమన్లు పంపే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ప్రతివాది వేరే దేశంలో ఉన్నాడనీ, కొరియర్‌లో సమన్లు పంపేస్తే సరిపోతుంది కదా అని క్లయింటు తొందరపెడుతున్నారనీ రాశావు. పంపకు. కనీసం ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు ఆగు.

ఒక దేశపు కోర్టు ఇచ్చిన సమన్లకు ఇంకో దేశంలో దానంతట దానికి విలువ ఉండదు. సమన్లు అందజేయడం చాలా దేశాల దృష్టిలో ప్రభుత్వం చేసే పని. పరాయి కోర్టు తరఫున ఎవరో వచ్చి తలుపు కొడితే తమ అధికారంలో వేలు పెట్టినట్టు చూస్తారు. స్విట్జర్లాండ్‌లో అలా ప్రైవేటుగా అందజేస్తే అక్కడి శిక్షాస్మృతి 271వ అధికరణం కింద నేరం కూడా కావచ్చు. ఇంకో సంగతి. రేపు డిక్రీ వచ్చాక దాన్ని ఎక్కడ అమలు చేయిస్తావు? ప్రతివాది ఆస్తులన్నీ ఆ దేశంలోనే ఉంటే అక్కడి కోర్టుకే వెళ్లాలి. అప్పుడు అవతలి లాయరు ముందుగా పట్టుకునేది సమన్ల విషయమే. అందుకే ఈ రోజు నువ్వు చేసే ప్రతి పనీ రేపు ఆ జడ్జి పరిశీలిస్తారన్న ఎరుకతో చెయ్యి.

అసలు కాగితం దేశం దాటాల్సిన అవసరం ఉందా లేదా అన్నది ముందు చూడు. ప్రతివాది కంపెనీ అయితే కాంట్రాక్టు తీసి చివరి పేజీలదాకా చదువు. సమన్లు తీసుకోవడానికి మీ దేశంలోనే ఒక ఏజెంటును పెట్టుకున్నట్టు క్లాజు ఉంటే పని ఇక్కడే అయిపోతుంది. అలాంటి క్లాజు లేకపోయినా ఒక్కోసారి దారి దొరుకుతుంది. 1988లో ఫోక్స్‌వ్యాగన్ వర్సెస్ ష్లుంక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, జర్మన్ కంపెనీ తరఫున అమెరికాలోని దాని అనుబంధ కంపెనీకి సమన్లు ఇవ్వడం అక్కడి చట్టం ప్రకారం చెల్లుతుంది కాబట్టి, హేగ్ ఒప్పందం (కోర్టు కాగితాలను ఒక దేశం నుంచి ఇంకో దేశంలో అందజేసే పద్ధతులు చెప్పే అంతర్జాతీయ ఒప్పందం) జోలికే పోనక్కరలేదంది. మీ చట్టం ఏమంటుందో చూసుకో. ప్రతివాది తరఫు లాయరు సమన్లు తీసుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకుంటారేమో కూడా ఒకసారి మర్యాదగా అడుగు. అడిగితే పోయేదేం లేదు.

దేశం దాటక తప్పదంటే, ఆ దేశం 1965 నవంబరు 15 నాటి హేగ్ సర్వీస్ ఒప్పందంలో ఉందో లేదో చూడు. 80కి పైగా దేశాలు ఉన్నాయి. ఈ ఒప్పందాన్ని చూసే సంస్థ హేగ్ కాన్ఫరెన్స్ వెబ్‌సైట్‌లో ప్రతి దేశానికీ ఒక పేజీ ఉంటుంది. ఎవరికి పంపాలి, ఏ భాషలో పంపాలి, ఏ పద్ధతులకు ఆ దేశం అభ్యంతరం చెప్పింది, అన్నీ అందులో దొరుకుతాయి. పాత ఫైల్లో ఉన్న నోట్స్‌ని నమ్ముకోకు, దేశాలు మాట మారుస్తుంటాయి. పోస్టులో పంపడానికి జపాన్ ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పలేదు, 2018 డిసెంబరులో చెప్పింది. ఒప్పందంలో లేని దేశమైతే కోర్టు ద్వారా, విదేశాంగ శాఖ ద్వారా లెటర్ రొగేటరీ, అంటే మన కోర్టు అక్కడి కోర్టును సాయం కోరే ఉత్తరం, పంపుకోవాలి. అది బాగా నెమ్మదిగా నడిచే దారి. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య వాళ్ల సొంత రెగ్యులేషన్ ఉంది, 2022 జులై 1 నుంచి కొత్తది నడుస్తోంది.

ఇక అన్నిటికన్నా నువ్వు ఎక్కువ సమయం పెట్టాల్సింది అడ్రస్ మీద. ప్రతివాది అడ్రస్ తెలియకపోతే ఈ ఒప్పందం వర్తించదని మొదటి అధికరణంలోనే ఉంది. క్లయింటు ఫోన్లో ఉన్న పాత అడ్రస్, విజిటింగ్ కార్డు మీది పోస్టు బాక్స్ నంబరు, ఇవేవీ పనికిరావు. కంపెనీ అయితే ఆ దేశపు కంపెనీల రిజిస్టరు నుంచి తాజా రికార్డు తీసుకో. రిజిస్ట్రేషన్ నంబరు, నమోదైన కార్యాలయం, పూర్తి పేరు అక్షరం పొల్లుపోకుండా రాయి. గ్రూపులో ఒకే పేరుతో నాలుగు కంపెనీలుంటాయి, చివర ఉండే చిన్న మాట మారితే కాగితం ఇంకొకరి గుమ్మానికి వెళ్తుంది. మనిషి అయితే పాస్‌పోర్టులో ఉన్న పేరు, ఫ్లాట్ నంబరు, పిన్ కోడ్ సహా కావాలి. చైనా, జపాన్, కొరియా లాంటి చోట్లకైతే అడ్రస్‌ను అక్కడి లిపిలో కూడా రాయించు. కాగితం పట్టుకుని వీధిలో వెతికే మనిషి చదివేది ఆ లిపినే.

ఒప్పందంలో ఉన్న ప్రతి దేశానికీ ఒక సెంట్రల్ అథారిటీ, అంటే బయటి దేశాల అభ్యర్థనలు తీసుకుని కాగితాలు అందజేయించే కార్యాలయం, ఉంటుంది. జర్మనీలో రాష్ట్రానికొకటి, కెనడాలో ప్రావిన్సుకొకటి ఉన్నాయి కాబట్టి ప్రతివాది ఊరు ఎక్కడ పడుతుందో చూసి పంపు. దానికి పంపే ఫారం మూడు భాగాలు: అభ్యర్థన, కాగితం అందిందో లేదో వాళ్లు రాసిచ్చే సర్టిఫికెట్, దావా సారాంశం. కాగితాలు రెండేసి ప్రతులు జతచెయ్యి. అభ్యర్థన మీద సంతకం ఎవరు పెట్టాలో మీ దేశపు చట్టం చెబుతుంది. ఒకచోట కోర్టు రిజిస్ట్రీ, ఒకచోట మంత్రిత్వ శాఖ, అమెరికాలో లాయరే పెట్టొచ్చు. ఆ అర్హత ఏ నిబంధన కింద వచ్చిందో ఫారం మీదే ఒక వాక్యం రాసేయి. లేదంటే ‘మీరెవరు’ అని అడుగుతూ ఫైలు వెనక్కి వస్తుంది.

అనువాదం దగ్గర చాలామంది డబ్బు మిగుల్చుకోబోయి ఇరుక్కుంటారు. ప్రతివాదికి ఇంగ్లీషు అనర్గళంగా వచ్చన్న మాట ఇక్కడ పనిచేయదు. ఆ దేశపు చట్ట పద్ధతిలో అందజేయమని అడిగితే, తమ అధికార భాషలో కావాలనే హక్కు అక్కడి అథారిటీకి 5వ అధికరణం ఇచ్చింది. దావా ఒక్కటే కాదు, దాంతో జతచేసే డాక్యుమెంట్లన్నీ అనువదించాల్సి రావచ్చు. కాబట్టి అవసరం లేని మూడొందల పేజీల ఈమెయిళ్లు జత చేయకు. కోర్టు పత్రాలు చేసి అలవాటున్న అనువాదకుణ్ణే పెట్టుకో.

తేదీల విషయం మాత్రం ఎవరూ ముందే ఆలోచించరు. సమన్ల మీద వచ్చే నెల వాయిదా ఉందనుకో. అక్కడ కాగితాలు అందజేసే కోర్టు ఉద్యోగి (బేలిఫ్) చేతికి వెళ్లేసరికి ఆ తేదీ దాటిపోతుంది, కాగితం వెనక్కి వస్తుంది. ముందే కోర్టుకు పిటిషన్ వేసి, విదేశీ సర్వీసు కారణం చూపించి దూరంగా వాయిదా తీసుకో. లిమిటేషన్ (దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు) దగ్గర పడుతుంటే దావా ఎప్పుడో వేసి ఉండాలి, సమన్ల కోసం ఆగకూడదు.

పోస్టు సంగతికొస్తే, 10వ అధికరణం దాన్ని ఒప్పుకుంటుంది, అవతలి దేశం అభ్యంతరం చెప్పకపోతేనే. చైనా, జర్మనీ, భారతదేశం, స్విట్జర్లాండ్, దక్షిణ కొరియా చెప్పాయి. అభ్యంతరం లేనిచోట కూడా పోస్టులో సర్వ్ చేయొచ్చని మీ సొంత చట్టం అనాలి. 2017లో వాటర్ స్ప్లాష్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ రెండు షరతులూ చెప్పింది. ఈమెయిల్, వాట్సాప్ అంటావా, కోర్టు ఉత్తర్వు చేతిలో లేకుండా వాటి జోలికి పోకు.

పంపాక నెలలు పడుతుంది. క్లయింటుకు ఈ మాట మొదటి రోజే చెప్పు, లేదంటే ప్రతి వారం ఫోను, ప్రతి వారం టెన్షన్. ఆస్తులు తరలిపోతాయన్న భయం ఉంటే ఈలోగా తాత్కాలిక ఉత్తర్వులు అడుగు, అత్యవసరమైతే వాటికి ఒప్పందం అడ్డు రాదు. సర్టిఫికెట్ వచ్చాక వెంటనే ఫైల్లో పెట్టేయకు, కూర్చుని చదువు. ఏ పద్ధతిలో ఇచ్చారు, ఎక్కడ, ఏ తేదీన, ఎవరి చేతికి. అందజేయలేకపోతే కారణం ఉంటుంది, ఆ కారణమే నీ తర్వాతి అడుగు చెబుతుంది. ‘ఈ అడ్రస్‌లో లేరు’ అన్నది వేరు, ‘అనువాదం లేదు’ అన్నది వేరు.

ఎంతకీ జవాబు రాకపోతే 15వ అధికరణం ఉంది. మీ దేశం ఆ మేరకు డిక్లరేషన్ ఇచ్చి ఉంటే, పంపి కనీసం ఆరు నెలలు గడిచాక, సర్టిఫికెట్ కోసం చేయగలిగిన ప్రయత్నమంతా చేశామని చూపించి ఎక్స్‌పార్టీ తీర్పు, అంటే ప్రతివాది రాకుండానే ఇచ్చే తీర్పు, అడగొచ్చు. అందుకే రాసిన ప్రతి రిమైండరూ, ప్రతి కొరియర్ రసీదూ తేదీల వారీగా దాచు. అయినా తన తప్పు లేకుండా సంగతి సకాలంలో తెలియని ప్రతివాదికి 16వ అధికరణం మళ్లీ తలుపు తీస్తుంది. కాబట్టి అవతలివాడికి నిజంగా తెలిసేలా చేయడమే నీ క్లయింటుకు మేలు. తనమీద దావా పడిందని తెలుసుకునే హక్కు ఎంత దూరాన ఉన్నవాడికైనా ఉంటుంది. మనకు ఎదుటి పక్షం కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు ఎప్పుడూ నచ్చదు.

ముందు ఆ దేశం పేజీ తెరిచి చూడు, కంపెనీ రికార్డు తెప్పించు. ఫారం నింపాక సంతకం పెట్టేలోపు నాకో కాపీ పంపు, అడ్రస్, వాయిదా తేదీ రెండూ నేను కూడా ఒకసారి చూస్తాను.

ప్రేమతో,
పెదనాన్న