ఆసుపత్రి గేటు చూస్తేనే గుండె దడ

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 54 ఏళ్లు. పదేళ్లుగా షుగరు. 2021 మే నెలలో మా అన్నయ్య కరోనాతో ఆసుపత్రిలోనే పోయాడు. ఆఖరి చూపు కూడా దక్కలేదు. అప్పటి నుంచి ఆసుపత్రి గేటు చూస్తేనే దడ, చెమటలు. పరీక్షలు మానేశాను. పాత చీటీతోనే మందులు తెచ్చుకుంటున్నాను. నిద్ర పట్టదు. ఇది పిరికితనమా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: కాదమ్మా. ఆ మే నెలలో నేనూ వార్డులోనే ఉన్నాను. ఆక్సిజన్ సిలిండర్ దొర్లించే చప్పుడు వింటే ఇప్పటికీ ఒక్క క్షణం ఆగిపోతాను. మీది తీరని దుఃఖం.

అయితే ఆ టెన్షన్ మీ షుగరును కూడా తాకుతుంది. భయపడినప్పుడు పెరిగే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్ల వల్ల కాలేయం రక్తంలోకి గ్లూకోజును ఎక్కువగా వదులుతుంది. నిద్ర చాలకపోతే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుకే పాత మోతాదు ఇప్పుడు సరిపోకపోవచ్చు.

ముందు ల్యాబ్ వాళ్లను ఇంటికే పిలిపించి హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి. మొదటిదానితో మూడు నెలల షుగరు సగటు, రెండోదానితో కిడ్నీల పనితీరు తెలుస్తాయి. దడ, చెమటలు ఇంట్లో కూడా వస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే అది భయం కాకపోవచ్చు, షుగరు పడిపోవడం. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. ఛాతీ నొప్పి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

తర్వాత ఆ రిపోర్టులతో, ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని, ఏదైనా చిన్న క్లినిక్‌కు వెళ్లండి. పెద్దాసుపత్రి ఇప్పుడే వద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అన్నయ్య గురించి వాళ్లతో చెప్పుకోండి. రిపోర్టు రాగానే నాకు మళ్లీ రాయండి.