నీటిబొట్టును నమ్మే ముందు

చిరంజీవి శిష్యురాలికి ఆశీస్సులు.

టైటానియం ముక్కలు చేతికొచ్చాయనీ, రేపే వాటి మీద నీటిబొట్టు అంచు చేసే స్పర్శ కోణం కొలుస్తాననీ రాశావు. (కోణం తక్కువైతే నీరు పరుచుకున్నట్టు, ఎక్కువైతే బొట్టుగా నిలిచినట్టు.) కాస్త ఆగమ్మా. ఆ ముక్కలు కడిగి ఎన్ని రోజులైంది?

ఈ ప్రశ్న తట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. కడిగిన పూట 20 డిగ్రీలు చూపిన ముక్కే రెండు వారాలకు 70 చూపింది. పరికరం పాడైందని దాన్ని అమ్మినవాళ్లతో పోట్లాడాను. తప్పు నాదే. మూత సరిగా పడని డబ్బాలో ముక్కల్ని వదిలేశాను, గాలిలోని కర్బన పదార్థాలు కంటికి కనబడని పొరగా పేరుకున్నాయి. చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు మీద నీళ్లు పరుచుకుంటాయి, జిడ్డు చేయి తగిలిన చోట బొట్లుగా నిలుస్తాయి. ఇదీ అంతే. కొన్ని దంత ఇంప్లాంట్లను ఉప్పునీటిలో ఉంచి అమ్మేది ఇందుకే.

కాబట్టి కడిగాక ప్రతిసారీ ఒకే వ్యవధిలో కొలువు. ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిమిశుద్ధి) చేసి వాడేదైతే, అది అయ్యాకే కొలువు. ఆవిరి కూడా ఉపరితలాన్ని మారుస్తుంది. ముందు నీ నీటిని పరీక్షించు: వేలాడే బొట్టుతో చూస్తే 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర తలతన్యత (నీటి పైపొర బిగువు) మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు రావాలి. తక్కువొస్తే సిరంజిలో సబ్బు మిగిలిందేమో చూడు. బొట్టు రెండు మూడు మైక్రోలీటర్లు చాలు, ఒక్కో ముక్క మీద కనీసం ఐదు చోట్ల పెట్టు.

ఎక్స్‌పీఎస్‌కు (ఎక్స్-కిరణాలతో ఉపరితలం మీది మూలకాలను గుర్తించే పరీక్షకు) పంపితే అది పైనున్న సుమారు 10 నానోమీటర్లనే చూస్తుంది. కార్బన్ కనబడిందని కంగారుపడకు, గాలి తగిలిన ప్రతి ముక్క మీదా ఉంటుంది, ఎంతుందో చూడు. అనుకోని సిలికాన్ కనబడితే మాత్రం గొట్టాలు, గ్రీజు, చేతి తొడుగులు వెతుకు.

గరుకుదనం కొలవకుండా కోణం గురించి ఏమీ రాయకు. నీటిని ఇష్టపడే ఉపరితలం గరుకైతే ఇంకా ఎక్కువగా తడుస్తుందని శాస్త్రవేత్త వెంజెల్ 1936లోనే చూపాడు. ఇసుకతో కొట్టిన ముక్కకు ఏఎఫ్ఎం (సన్నని మొనతో ఉపరితలాన్ని తడిమే సూక్ష్మదర్శిని) మొన తంటాలు పడుతుంది, కాంతితో ఎత్తుపల్లాలు కొలిచే ఆప్టికల్ ప్రొఫైలర్ మేలు.

ఇంకొక్క మాట. ఇంప్లాంటుగా ఒంట్లో పెట్టాక రక్తం తగిలిన క్షణాల్లోనే ప్రోటీన్లు ఆ ముక్కను కప్పేస్తాయి, కణాలు తర్వాత వచ్చి ఆ పొరనే చూస్తాయి. కోణం బాగుంది కాబట్టి ఎముక అతుక్కుంటుందని నీ వ్యాసంలో రాశావో, ఎర్ర సిరాతో కొట్టేస్తాను.

నోటు పుస్తకంలో కడిగిన గంట, కొలిచిన గంట రాసే గళ్లు గీసి, ఆ పేజీ ఫోటో పంపు.

మీ మాస్టారు