దిగడం కాదు, ఎక్కడం చూసుకో

అమ్మలూ,

జూన్‌లో అమెరికాలోని గ్రాండ్ కెన్యన్ లోయకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత సంబరపడ్డానో! ఒక్క రోజులో కొలరాడో నది దాకా దిగి మళ్ళీ పైకొస్తావని వినేసరికి గుండె జారింది. ఆ నది మాట మానెయ్యి. బూట్లు, టోపీ నీకు చెప్పక్కర్లేదు. ఫోటో కోసం అంచున వెనక్కి అడుగెయ్యకు. కంచరగాడిదలు ఎదురైతే కొండవైపు ఒదిగి నిలబడు.

అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కినదానివే, కాదనను. కానీ అక్కడ ఓపికున్నప్పుడు ఎక్కుతాం, అలిసిపోతే ఆగుతాం. కెన్యన్‌లో అంతా తలకిందులు, ముందు దిగడం, అలిసిపోయాక ఎక్కడం. లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ దారిలో పొద్దుటి చల్లగాలికి కాళ్ళు వాటంతటవే పరుగెడతాయి. దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. నది దగ్గర లోయ పై అంచుకంటే పది డిగ్రీలు ఎక్కువ, జూన్‌లో నీడలోనే 40 దాటొచ్చు. వెనక్కి తిరిగేసరికి మిట్టమధ్యాహ్నం. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు. కూలబడేది ముసలివాళ్ళేననుకోకు తల్లీ, వయసు మీద ధీమా ఉన్నవాళ్ళే వేళకి వెనక్కి తిరగరు.

తెల్లారకముందే బయల్దేరు. మొదటి విశ్రాంతి మంటపం 2.4 కిలోమీటర్లు, 340 మీటర్ల దిగుడు. అక్కడే తిరుగు. మరీ మనసాగకపోతే రెండోది, 4.8 కిలోమీటర్లు. అది దాటావో, నేనూరుకోను. పొద్దున పదికల్లా పైనుండాలి.

మూడు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళు. నీళ్ళ పైపు పగిలితే దారిలో కుళాయిలు రావు, ముందురోజే అక్కడి పార్కు రేంజర్లని అడుగు. అక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట కనపడకుండానే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పుచారలే మిగులుతాయి. పోయిన ఆ ఉప్పు తిరిగి రాకుండా ఉత్త నీళ్ళే తాగితే రక్తం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక. చుట్టూ ఉన్నవాళ్ళు ఎండదెబ్బనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు, అది మరీ ముప్పు. అరగంటకోసారి ఇంత కారప్పూసో, ఉప్పు పల్లీలో నమలాలి. తడిపిన చున్నీ మెడకి చుట్టుకో.

అడుగునున్న నల్లరాయిని చూడాలనే కదా నీ తాపత్రయం? విష్ణు షిస్ట్ అని దానికి మన దేవుడి పేరే పెట్టారు, దాదాపు 170 కోట్ల ఏళ్ళనాటిది. పైనే ఉన్న యవపాయ్ మ్యూజియం నుంచి లోయ అంచు వెంట ఊరివైపు పోయే నడకదారిలో ఆ రాయి నమూనా నిలబెట్టారు. అరచెయ్యి ఆనించి చూడు.

పైకి రాగానే ఫోను చెయ్యి. ఇక్కడ రాత్రి పదిన్నరవుతుంది, మేలుకునే ఉంటాను.

మావయ్య