రేకుల కింద బడ్జీలు

ప్రశ్న: మిర్యాలగూడలో మాది రేకుల ఇల్లు. లవ్‌బర్డ్స్ అని కొన్న బడ్జీల (చిన్న చిలుకల) జంట మధ్యాహ్నం నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతున్నాయి. కొర్రలు తప్ప ఏమీ ముట్టవు. ఏం చేయాలమ్మా?

జవాబు: ఎండకు తాళలేకపోతున్నాయి, తల్లీ. పంజరాన్ని వెంటనే నీడగా, గాలాడే గదిలోకి మార్చు. నల్లగొండలో మా ఇంట్లో ఒకసారి తడిగోనె చుట్టూ కప్పేశాను. లోపల గాలి ఆగి, సాయంత్రానికి ఆడపిట్ట పోయింది. ఆ బాధ ఇంకా ఉంది. గోనె ఒక్కపక్కకే కట్టు. మంచినీళ్లు పూటపూటా మార్చు.

వట్టి గింజలతో విటమిన్ ఏ, కాల్షియం చాలవు. కడిగిన మునగాకు రెమ్మ కమ్మీకి కట్టు. మొదట బెదురుతాయి, విసుక్కోకుండా రోజూ పెట్టు. మావి నాలుగోరోజు కొరికాయి.

చల్లబడ్డాక కూడా ఈకలు ఉబ్బించుకుని అడుగున కూర్చుంటే ఆరోజే పశువుల డాక్టరుకు చూపించు. పిట్ట జబ్బును చివరిదాకా దాచుకుంటుంది.