రెండేళ్ళ బాబుకు గజ్జలో హెర్నియా ఆపరేషన్: ముందు రాత్రి నుంచి గాయం మానేదాకా

మీరు రాసిన ప్రకారం బాబుకు రెండేళ్ళు, బరువు 12 కిలోలు, కుడి గజ్జలో హెర్నియా, గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆపరేషన్. కొన్నాళ్ళు ఆగితే అదే తగ్గుతుందని మీ అత్తగారు అంటున్నారు. మత్తు వల్ల మెదడు మీద ప్రభావం పడుతుందని ఎక్కడో చదివి మీకు భయం. మా వాడికీ ఇదే ఆపరేషన్ అయింది కాబట్టి, పనికొచ్చేవి మాత్రం చెబుతాను.

ముందు ఆగే సంగతి. బొడ్డు హెర్నియా అయితే ఆగొచ్చు. నాలుగైదేళ్ళు వచ్చేసరికి చాలామందికి దానంతటదే మూసుకుంటుంది (రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టడం వల్ల కింద చర్మం ఒరుసుకుపోవడం తప్ప లాభమేమీ లేదు). వృషణాల సంచిలో నీరు చేరి బుడ్డలా ఉంటే దానికీ ఏడాది, రెండేళ్ళు చూస్తారు. గజ్జలోది అలా కాదు. వృషణం కడుపులోంచి కిందికి దిగిన దారి పుట్టేవేళకో, ఆ తర్వాత కొన్ని నెలలకో మూసుకుపోవాలి. అది తెరుచుకునే ఉంటే పిల్లాడు ఏడ్చినా ముక్కినా పేగు అందులోకి జారుతుంది. లంగోటీలు, బెల్టులు ఆ దారిని మూయలేవు. ఎంత చిన్న పిల్లాడైతే పేగు ఇరుక్కునే ప్రమాదం అంత ఎక్కువ.

గురువారం లోపే ఉబ్బు గట్టిపడినా, ఎర్రబడినా, పడుకోబెట్టినా లోపలికి పోకపోయినా, పిల్లాడు ఏడుపు ఆపకపోయినా, వాంతులు చేసుకుంటున్నా అపాయింట్‌మెంటు కోసం చూడకండి. గట్టిగా నొక్కకండి, తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి, నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. ఉబ్బు కనిపించినప్పుడు ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. డాక్టరు ముందు పడుకోబెట్టేసరికి అది కనబడకుండా పోతుంది.

పెద్దవాళ్ళకు కండరం బలహీనపడి వస్తుంది కాబట్టి లోపల జాలీ (వల లాంటి గుడ్డ) పెడతారు. పిల్లలకు జాలీ అక్కర్లేదు. గజ్జ మడతలో రెండు సెంటీమీటర్ల గాటు పెట్టి, పేగు జారే ఆ పల్చటి పొర సంచిని (వృషణాల సంచి కాదు) వీర్యనాళం నుంచి, రక్తనాళాల నుంచి విడదీసి, అది మొదలయ్యే చోట దారంతో ముడివేసి కత్తిరిస్తారు. అరగంట, ముప్పావుగంట పని. కానీ మత్తు ఇవ్వడం, లేపడం అన్నీ కలిపి బాబు మీ కంటికి కనబడకుండా ఉండేది గంటన్నర దాకా అవుతుంది. అరగంట దాటగానే కంగారుపడకండి.

ఆపరేషన్లు వాయిదా పడేది తరచుగా రెండింటి వల్ల: జలుబు, ఎవరో జాలిపడి పెట్టిన బిస్కెట్టు. జ్వరం, దగ్గు, పచ్చటి చీమిడి ఉంటే బుధవారమే ఫోన్ చేసి చెప్పండి. రెండు వారాలో, ఇంకొంచెమో వెనక్కి జరుపుతారు. దాచిపెట్టి తీసుకెళ్తే మత్తులో ఊపిరి గొట్టం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

కడుపు ఖాళీగా ఉంచే గంటలు మామూలుగా ఇలా ఉంటాయి: అన్నం, బిస్కెట్లు, ఆవుపాలు, డబ్బాపాలు 6 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు. నూనె సరుకు అయితే 8 గంటలు. మీ ఆసుపత్రివాళ్ళు వేరేగా చెబితే వాళ్ళ మాటే మాట. ఎనిమిదిన్నరకంటే లెక్క ఇది: రాత్రి తొమ్మిదికి పెరుగన్నం, రాత్రి లేచి పాలడిగే అలవాటుంటే రెండింటిలోపు, పొద్దున ఆరుంబావుకు లేపి 60 మిల్లీలీటర్ల మంచినీళ్ళు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. నీళ్ళు తాగిన పిల్లాడు తక్కువ ఏడుస్తాడు, సూదికి నరం కూడా తేలిగ్గా దొరుకుతుంది. పాలు నీళ్ళలాంటివే కదా అనుకోకండి, కడుపులో గడ్డకట్టి ఆహారంలాగే ఉంటాయి. మత్తులో అవి పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయనే ఇంత పట్టుదల. లిస్టులో మొదటి పేరు మీదే ఉండేలా అడగండి. ఆలస్యమవుతుంటే నీళ్ళివ్వచ్చా అని నర్సును అడగండి, చాటుగా ఇవ్వకండి.

ముందు రోజు రాత్రే మొలతాడు, వెండి మొలగొలుసు, కాలి పట్టీలు, తాయెత్తు తీసేయండి. రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల లోహం తగిలిన చోట చర్మం కాలవచ్చు. మొలతాడు సరిగ్గా కోసే చోటికే అడ్డు వస్తుంది. మొలతాడు తీయకూడదని పెద్దవాళ్ళు పట్టుబడితే మర్నాడు కొత్తది కడతామని చెప్పండి (కట్టాల్సింది గాయం మానాకే, అది తర్వాత చూసుకోవచ్చు). గోళ్ళరంగు ఉంటే తుడిచేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పుకు అడ్డం.

మత్తు డాక్టరు ముందుగా చూసేటప్పుడు ఆయాసం, మందుల అలర్జీ, ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా అన్నవి అడుగుతారు. మనవాళ్ళు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి: మీది ఆర్యవైశ్య కుటుంబమైతే ఆ మాట దాచకండి. ఆ కుటుంబాల్లో కొందరికి మత్తులో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును విరగ్గొట్టే ఎంజైము ఉండదు, లేదా బాగా తక్కువ. నిమిషాల్లో దిగాల్సిన మందు గంటలు దిగదు, అంతసేపూ వెంటిలేటరు మీద ఉంచాల్సి వస్తుంది. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతే.

మెదడు మీద ప్రభావం గురించి మీరు ఎక్కడో చదివినది బహుశా 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన హెచ్చరిక. అది మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలకు మించి, లేదా పదేపదే ఇచ్చే మత్తు గురించి. హెర్నియా ఆపరేషన్ చేయించుకున్న పసిపిల్లలనే తీసుకుని ఐదేళ్ళ వయసుదాకా గమనించిన అంతర్జాతీయ అధ్యయనం 2019లో వచ్చింది. గంటలోపు మత్తు తీసుకున్నవాళ్ళ తెలివితేటల్లో తేడా కనబడలేదు.

కొన్ని చోట్ల మాస్కు పెట్టేదాకా అమ్మనో నాన్ననో లోపలికి రానిస్తారు. వెళ్ళేటట్టయితే ఇది గుర్తుపెట్టుకోండి: నిమిషంలో కళ్ళు పైకి తేలిపోతాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి, గుర్రుమని చప్పుడొస్తుంది. అది మత్తు ఎక్కే దారిలో మామూలే.

అసలు ఎవరూ చెప్పనిది లేచేటప్పటి ఏడుపు. పది నిమిషాల నుంచి అరగంట దాకా కొందరు పిల్లలు వెనక్కి విల్లులా వంగిపోయి, కళ్ళు తెరిచే ఉన్నా అమ్మను కూడా గుర్తుపట్టక, ఎత్తుకుంటే తోసేస్తూ ఏడుస్తారు. నొప్పి అనుకుంటాం. నొప్పి ఉన్నవాడు మీ ముఖంలోకి చూస్తాడు, ఎత్తుకుంటే కాస్త తగ్గుతాడు. మత్తు దిగే ఏడుపులో ఆ చూపు ఉండదు. లైటు తగ్గించమనండి, చుట్టూ ఒక్కరే ఉండండి, సెలైన్ సూది ఉన్న చేతిని మాత్రం పట్టుకోండి. దానంతటదే తగ్గుతుంది. తోక ఎముక దగ్గర నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే నాలుగు నుంచి ఆరు గంటలు కాళ్ళు తేలిపోతుంటాయి, నిలబెట్టకండి. దాని పని అయిపోయే సాయంత్రం నుంచే నొప్పి మొదలు, అంతకు ముందే నొప్పి మందు మొదటి డోసు పడాలి.

ఆ డోసులోనే తప్పులు జరుగుతాయి. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుకు మించకూడదు. 12 కిలోలకు 180 మిల్లీగ్రాములు. 5 మి.లీ.లో 125 ఉన్న సీసా అయితే 7.2 మి.లీ., 250 ఉన్నదైతే 3.6 మి.లీ., ఒక మి.లీ.లో 100 ఉన్న చుక్కల మందు అయితే 1.8 మి.లీ. మూడూ మన మెడికల్ షాపుల్లో ఉంటాయి. ఇంట్లో పాత సీసా ఒకటి, కొత్తది ఒకటి ఉండి అమ్మమ్మ ఒకదానితో, మీరు ఒకదానితో పోస్తే రెట్టింపు పడుతుంది. ఒక్క సీసానే ఉంచండి, చెంచా కాదు, సూది లేని సిరంజితో కొలవండి. థియేటర్లో ఎన్నింటికి ఇచ్చారో డిశ్చార్జి ముందు అడిగి కాగితం మీద రాయించుకోండి. జలుబు మందుల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది. రెండు రోజులు గంట ప్రకారం ఇవ్వండి, మూడో రోజు అడిగితేనే. నిమెసులైడ్ అనే ఇంకో నొప్పి, జ్వరం మందు వద్దు, 12 ఏళ్ళలోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే ఆపేశారు.

ఇంటికి బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తేకండి. నిద్రమత్తులో తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరాడదు. కారో ఆటోనో పిలిచి, ఒకరు పక్కనే కూర్చుని తల చూసుకోవాలి. మొదట నీళ్ళు, వాంతి లేకపోతే ఇడ్లీ. పప్పు పెడితే చీము పడుతుందనే మాట పట్టించుకోకండి, అన్నీ పెట్టొచ్చు. మలబద్ధకం రానీయకండి, ముక్కితే నొప్పి.

డయాపర్ పై అంచును కిందికి మడిచి గాయానికి తగలకుండా వేయండి. రెండు రోజులు తడిగుడ్డతో తుడవడమే, తర్వాత డాక్టరు ఒప్పుకుంటే చెంబుతో నీళ్ళు. కుట్లు చర్మం కిందే ఉండి కరిగిపోతాయి. వృషణాల సంచి కొంచెం వాచి నీలంగా కనబడటం మామూలే, వారాలమీద తగ్గుతుంది. మంచం మీద కట్టిపడేయాల్సిన పని లేదు, వాడే పరిగెత్తుతాడు. మూడు చక్రాల సైకిలు, ఏనుగెక్కే ఆటలు రెండు వారాలు ఆపండి.

జ్వరం 38.5 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటినా, గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము కారినా, ఇంటికొచ్చాక ఎనిమిది గంటలైనా మూత్రం పోయకపోయినా ఫోన్ చేయండి.

ఖర్చు గురించి: ఆరోగ్యశ్రీ లేదా ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ కార్డుంటే ఆపరేషన్ ముందే ఆరోగ్యమిత్ర డెస్కులో అనుమతి పెట్టించాలి, తర్వాత చెబితే కుదరకపోవచ్చు. ప్రైవేటు పాలసీ అయితే హెర్నియాకు రెండేళ్ళ వెయిటింగ్ చాలావాటిలో ఉంటుంది, బాబు పేరు ఎప్పుడు చేర్చారో చూసుకోండి.

చూపించడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు వృషణం సంచిలోనే ఉందా, పైకి లాగబడిందా అని సర్జన్‌ను అడిగి చూపించుకోండి. రెండో పక్క కూడా తర్వాత వందలో ఏడుగురికి వస్తుంది, స్నానం చేయించేటప్పుడు ఎడమ గజ్జ మీద ఒక కన్నేసి ఉంచండి.