పిల్లికి షుగర్ పడిపోతే ముందు చిగుళ్లకు గ్లూకోజు

ప్రశ్న: మా పిల్లికి తొమ్మిదేళ్లు, నాలుగున్నర కిలోలుంటుంది. ధాన్యం బస్తాల దగ్గరికి ఎలుకల్ని రానివ్వదు. షుగర్ ఉందని రెండు నెలలుగా పూటకు 2 యూనిట్ల గ్లార్జిన్ ఇన్సులిన్ ఇస్తున్నాం. సిరంజీలు అయిపోయి రెండు రోజులుగా మా మామగారివి వాడుతున్నాం. మొన్న సాయంత్రం సూది వేశాక అన్నం ముట్టలేదు. రాత్రికి తూలి పడిపోయి కాళ్లు కొట్టుకుంది. పంచదార నీళ్లు పోస్తే పొలమారింది. కాసేపటికి తేరుకుంది. మళ్లీ ఇలా అయితే ఏం చేయాలి?
– ఒక మహిళా రైతు, బొబ్బిలి మండలం, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, మీ పిల్లి తేరుకున్నందుకు సంతోషం. మీ ప్రశ్న చదువుతూ మామగారి సిరంజీల దగ్గరే ఆగిపోయాను. వాటి మూత ఏ రంగుదో ఇప్పుడే చూడండి. ఎర్ర మూత సిరంజి మి.లీ.కి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు, నారింజ రంగు మూతది 100 యూనిట్లుండే దానికి. గ్లార్జిన్ సీసా సాధారణంగా 100 యూనిట్లది, దాని మీదే రాసి ఉంటుంది. ఆ మందును ఎర్ర మూత సిరంజిలో 2 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 5 యూనిట్లు. అంత చిన్న ప్రాణికి రెండున్నర రెట్ల మందు, అదీ ఖాళీ కడుపు మీద! ఆ సిరంజీలు ఎర్ర మూతవైతే కారణం దాదాపు ఇదే అయి ఉంటుంది. ఇక వాటిని పిల్లికి వాడకండి. డాక్టరు గారితో మాట్లాడేదాకా తర్వాతి సూదీ వేయకండి. ఒక పూట మందు తప్పితే సాధారణంగా ప్రమాదం ఉండదు, ఎక్కువైతే మాత్రం గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

షుగర్ పడిపోతున్నప్పుడు పిల్లి నీరసపడుతుంది, ఉన్నట్టుండి ఆకలితో అరవొచ్చు, పిలిచినా తెలియనట్టు చూస్తుంది, వెనక కాళ్లు తడబడతాయి. ఆ తర్వాతే వణుకు, మూర్ఛ. తడబాటు దగ్గరే పట్టుకోవాలి. ఇంకా తినగలుగుతుంటే రోజూ తినే చేపల అన్నమే వెంటనే పెట్టండి. తినలేకపోతే మందుల షాపులో దొరికే గ్లూకోజు పొడి రెండు చెంచాలు తీసుకుని, కొద్ది నీళ్లతో పాకంలా కలిపి, వేలితో పై పెదవి ఎత్తి చిగుళ్లకు కొంచెం కొంచెంగా రుద్దండి. పొడి లేకపోతే తేనె. పంచదార, బెల్లం అంత త్వరగా పనిచేయవు, వాటిని అరిగించే శక్తి పిల్లి పేగులో తక్కువ. పిల్లికి తీపి రుచే తెలియదు కాబట్టి గిన్నెలో పెడితే తనంతట తాను నాకుతుందని ఎదురు చూడొద్దు.

మూర్ఛలో ఉన్నప్పుడు నోట్లో నీళ్లు, పాలు ఏవీ పోయొద్దు. మొన్న పొలమారింది అందుకే. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. దగ్గు, ఆయాసం కనిపిస్తే వెంటనే చూపించండి. పళ్ల మధ్య వేలు పెట్టొద్దు, తెలియకుండానే కొరికేస్తుంది. పక్కకు పడుకోబెట్టి పెదవి లోపలివైపు మాత్రమే పూయండి.

మామగారి గ్లూకోమీటరు ఉంటే చెవి అంచున సూదితో గుచ్చి ఒక్క చుక్కతో చూడొచ్చు. 60 కంటే తక్కువ వస్తే ప్రమాదమే. మనుషుల మీటరు పిల్లి రక్తంలో అసలు కంటే కాస్త తక్కువ చూపిస్తుంది, అయినా తూలుతుంటే పరీక్ష కోసం ఆగకండి, ముందు గ్లూకోజు. లేచి కూర్చోగానే అన్నం పెట్టండి. గ్లూకోజు బలం గంటలోపే తగ్గిపోతుంది, ఇన్సులిన్ మాత్రం పన్నెండు గంటలైనా పనిచేస్తూనే ఉంటుంది. తేరుకుందని నిద్రపోతే తెల్లారేసరికి మళ్లీ పడిపోవచ్చు. అందుకే తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అక్కడ నరానికి డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు సెలైన్, ఎక్కిస్తారు. మీ జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. సంచార పశువైద్య సేవ నంబరు 1962.

డాక్టరు గారిని ఇంకో మాట కూడా అడగండి. చికిత్స మొదలుపెట్టిన కొన్ని నెలల్లో కొన్ని పిల్లులకు షుగర్ వెనక్కి తగ్గి ఇన్సులిన్ అవసరమే తగ్గిపోతుంది. మీ పిల్లి ఆ దారిలో ఉంటే సరైన సిరంజితో వేసే 2 యూనిట్లూ ఎక్కువే కావచ్చు, మోతాదు మళ్లీ చూడమనండి. ఇకపై ముందు తినిపించి, తిన్నాకే సూది వేయండి. తినకపోయినా, కక్కినా ఫోన్ చేసి అడిగాకే వేయండి. సూది వేసినవాళ్లు ఫ్రిజ్ పక్కన క్యాలెండర్ మీద టిక్కు పెట్టాలి, ఒకరు వేశాక తెలియక ఇంకొకరు వేయడం ఇళ్లలో తరచూ జరిగేదే.